కేదార్‌నాథ్‌కు 36 నిమిషాలు: కొండ యాత్రల్లో వేగం తెచ్చే చిక్కు

క్లుప్తంగా: సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు రోప్‌వే పూర్తయితే 8, 9 గంటల ప్రయాణం 36 నిమిషాలకు తగ్గుతుంది. కాళ్ళ నొప్పులు తప్పుతాయి గానీ పలుచని గాలి తప్పదు. హిమాలయ యాత్రల్లో ఆరోగ్య సమస్యలు ఎక్కువగా వచ్చేది ఎత్తుకు శరీరం అలవాటు పడే వ్యవధి దొరకనప్పుడే. పాత కాలినడక యాత్రలో ఆ వ్యవధి దానంతటదే దొరికేది. ఇప్పుడు దాన్ని యాత్రికులే తమ ప్రణాళికలో చేర్చుకోవాలి.

సోన్‌ప్రయాగ్–కేదార్‌నాథ్ రోప్‌వేకు కేంద్ర మంత్రివర్గం 2025 మార్చి 5న ఆమోదం తెలిపింది. పొడవు 12.9 కిలోమీటర్లు, అంచనా వ్యయం 4,081.28 కోట్ల రూపాయలు. గంటకు ఒక వైపు 1,800 మందిని, రోజుకు 18,000 మందిని చేరవేయగలదని ప్రకటించారు. నడవలేని పెద్దలకు దర్శనం దొరుకుతుందన్న సంతోషం ఒక పక్క, కొండ మీద రద్దీ ఏమవుతుందన్న ఆందోళన మరో పక్క వినిపిస్తున్నాయి. ఈ రెండింటి మధ్య అంతగా చర్చకు రాని విషయం ఒకటుంది. సోన్‌ప్రయాగ్ ఎత్తు సుమారు 1,830 మీటర్లు, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. 1,750 మీటర్ల తేడాను అరగంటలో దాటిన శరీరానికి ఏమవుతుంది?

గాలిలో తగ్గేదేమిటి

కొండ మీద గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ శాతం ఎక్కడైనా 21కి దగ్గరగానే ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. పీడనం తగ్గితే గాలి పలుచబడి, ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తులకు చేరే ఆక్సిజన్ తగ్గిపోతుంది. సముద్రమట్టంతో పోలిస్తే తిరుమల కొండపై (సుమారు 850 మీటర్లు) పీడనం 90 శాతం దాకా ఉంటుంది, కేదార్‌నాథ్‌లో దాదాపు 65 శాతం. అమర్‌నాథ్ గుహ దగ్గర (3,888 మీటర్లు) ఇంకొంచెం తక్కువ. కైలాస పరిక్రమలో 5,600 మీటర్లు దాటిన డోల్మా లా కనుమ దగ్గర అది సగానికి పడిపోతుంది.

శరీరం దీన్ని అంచెలంచెలుగా సర్దుకుంటుంది. ఊపిరి, గుండె కొట్టుకునే వేగం వెంటనే పెరుగుతాయి. ఎక్కువగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి రక్తం కాస్త క్షారగుణం వైపు మొగ్గుతుంది. అప్పుడు మెదడు శ్వాసను మళ్ళీ తగ్గించమంటుంది. మూత్రపిండాలు ఆ తేడాను సరిచేసేదాకా ఈ లాగుడు సాగుతుంది, దానికి రెండు మూడు రోజులు పడుతుంది. కొత్తగా వెళ్ళినవారికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉలిక్కిపడి లేవడం ఇందువల్లే. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు కావాలి. వారం రోజుల యాత్రకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

సర్దుబాటుకు వ్యవధి చాలనప్పుడు వచ్చేదే మౌంటెన్ సిక్‌నెస్. తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నీరసం, కళ్ళు తిరగడం దీని గుర్తులు. సాధారణంగా పైకి చేరిన 6 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతాయి. ఆలయం దగ్గర దిగగానే బాగానే ఉన్న మనిషి రాత్రి పది గంటలకు తల పట్టుకుని కూర్చోవడానికి కారణం ఈ ఆలస్యమే. ముదిరితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. ఆ రెండూ ప్రాణాంతకం.

కొండ ఎక్కేవారికి వైద్యులు చెప్పే లెక్క ఒకటుంది: 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఒక రోజు ఆగాలి. ఇక్కడ చూడవలసింది పగలు ఎంత ఎత్తుకు వెళ్ళారన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే.

చట్టీలు చేసిన పని

మోటారు రోడ్లు లేని రోజుల్లో యాత్రికులు హరిద్వార్, రిషికేశ్‌ల నుంచే నడక మొదలుపెట్టేవారు. దారి పొడవునా కొన్ని మైళ్ళకొకటి చొప్పున చట్టీలు అనే మజిలీలు ఉండేవి: వంటకు చోటు, తలదాచుకోను కప్పు. గరుడ చట్టీ, జంగల్ చట్టీ, హనుమాన్ చట్టీ, జానకీ చట్టీ అన్న పేర్లు ఇప్పటికీ పటంలో మిగిలే ఉన్నాయి.

రిషికేశ్ సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది. ఇప్పటి రోడ్డు దూరంతో లెక్కేసినా కేదార్‌నాథ్ అక్కడి నుంచి 220 కిలోమీటర్ల పైచిలుకు. రోజుకు 15 కిలోమీటర్లు నడిస్తే పదిహేను రోజులు. సగటున రోజుకు పెరిగే ఎత్తు 215 మీటర్ల చుట్టుపక్కలే. ఎవరూ వైద్యశాస్త్రం చదివి ఈ మజిలీలు పెట్టలేదు. కాళ్ళ ఓపికను బట్టి ఏర్పడిన అంచెలు ఊపిరితిత్తులకూ అక్కరకొచ్చాయి. (అలాగని పాత యాత్ర సుఖమైనదేమీ కాదు. కలరా, చలి, జారిపడటం అప్పట్లో చాలా ప్రాణాలు తీశాయి.)

స్వామివారి ప్రయాణంలో ఆ పద్ధతి నేటికీ కనిపిస్తుంది. చలికాలమంతా ఉఖీమఠ్ ఓంకారేశ్వర ఆలయంలో పూజలందుకునే కేదారేశ్వరుడి పంచముఖి డోలీ, గుడి తలుపులు తెరిచే ముందు బయల్దేరి గుప్తకాశీ, ఫాటా, గౌరీకుండ్‌లలో ఒక్కో రాత్రి బస చేసి నాలుగో రోజున కేదార్‌నాథ్ చేరుతుంది. 2025లో ఏప్రిల్ 28న బయల్దేరి మే 1న చేరింది, మే 2న తలుపులు తెరిచారు. అదే మే నెలలో హైదరాబాద్‌లో పొద్దున విమానమెక్కిన యాత్రికుడు మూడో రోజుకల్లా గుడి ముందుంటాడు.

1962 చైనా యుద్ధం తర్వాత సరిహద్దు అవసరాల కోసం ఈ లోయల్లో రోడ్లు త్వరగా పెరిగాయి. బద్రీనాథ్ దాకా (సుమారు 3,100 మీటర్లు) బస్సు వెళ్తుంది. కేదార్‌నాథ్‌కు మాత్రం గౌరీకుండ్ నుంచి నడకే. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదార్‌నాథ్ ఎగువనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి వచ్చిన వరదలో రాంబాడా మజిలీ మొత్తం కొట్టుకుపోయింది. పాత 14 కిలోమీటర్ల బాట పోయి, మందాకిని అవతలి గట్టు మీదుగా లించోలి వైపు కొత్త బాట వేశారు. ఇప్పుడు దూరం 16 కిలోమీటర్లకు పైనే, ఎక్కుడు నిటారు. అంటే నడిచేవారికి శ్రమ పెరిగింది, నడవనివారికి వేగం పెరిగింది.

ఎలా చేరితే ఏ ముప్పు

నడిచి ఎక్కేవారికి ఆయాసమే బ్రేకు. గౌరీకుండ్ (1,980 మీటర్లు) నుంచి 1,600 మీటర్లు ఎక్కడానికి ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. ఆ లోపే ఎవరికి ఎంత ఓపిక ఉందో తేలిపోతుంది. అయితే గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి ఈ శ్రమే ముప్పు. గుండె కండరానికి ఆక్సిజన్ ఎక్కువ కావలసిన సమయంలోనే సరఫరా తగ్గుతుంది. యాత్రల్లో గుండెపోటు మరణాల వెనక ఉన్న లెక్క ఇదే. మైదానంలో మెట్లెక్కితే కనిపించని అడ్డంకి 3,000 మీటర్ల దగ్గర బయటపడుతుంది.

గుర్రం, డోలీ, కండీల (మనిషి వీపున మోసే బుట్టల) మీద వెళ్ళేవారికి శ్రమ లేదు కాబట్టి ఆ హెచ్చరిక కూడా అందదు. పైగా కదలకుండా కూర్చోవడంతో చలి త్వరగా పట్టేస్తుంది. ఒళ్ళు వెచ్చబడక తడిసిన బట్టలతో నాలుగైదు గంటలు కూర్చున్న పెద్దలు పైకి చేరేసరికి వణుకుతూ ఉంటారు. వానకోటు సంచి అడుగున పెట్టకూడదు, జీను ఎక్కే ముందే వేసుకోవాలి.

హెలికాప్టర్ సంగతి మరీ విచిత్రం. గుప్తకాశీ, ఫాటా, సేర్సీ హెలిపాడ్‌ల నుంచి కొద్ది నిమిషాల్లో పైకి చేరుస్తుంది. లోపల పీడనాన్ని నిలిపే ఏర్పాటు ఉండదు. వెళ్ళి రెండు మూడు గంటల్లో దర్శనం ముగించుకుని తిరిగొస్తే మౌంటెన్ సిక్‌నెస్ గుర్తులు మొదలయ్యేలోపే మనిషి కింద ఉంటాడు. ఆ మేరకు అది నడకకన్నా భద్రమే. చిక్కంతా తిరుగు ప్రయాణంలో వస్తుంది. మధ్యాహ్నం మబ్బు కమ్మితే సర్వీసులు ఆగిపోతాయి. పొద్దున్నే పైకెక్కి, సాయంత్రానికి దిగుతామనుకుని మందులూ ఉన్ని దుప్పట్లూ కింద హోటల్లో వదిలి వచ్చినవారు అనుకోకుండా 3,583 మీటర్ల దగ్గర రాత్రి గడపాల్సి వస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన కలయిక ఇదే: నిమిషాల్లో ఎక్కడం, రాత్రి అక్కడే పడుకోవడం. కొండ గాలుల సంగతి ఇక వేరే చెప్పాలి. 2022 అక్టోబర్ 18న గరుడ చట్టీ దగ్గర, 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్లు కూలి ఒక్కో ప్రమాదంలో ఏడుగురు చొప్పున చనిపోయారు. రెండుసార్లూ వాతావరణం బాగాలేదు.

రోప్‌వే నడకకూ హెలికాప్టర్‌కూ మధ్యన నిలుస్తుంది. హెలికాప్టర్‌లా అది మబ్బుకు అంతగా లొంగదు కాబట్టి అదే రోజు కిందికి దిగే వీలు ఎక్కువ. రాత్రి బసలు తగ్గితే యాత్రికుల ఆరోగ్యానికీ, కొండ మీద చెత్తకూ మేలే. మరో వైపు, ఇంతకాలం నడక, గుర్రం, హెలికాప్టర్ ఖర్చు అడ్డుపడి ఆగిపోయిన వయోవృద్ధులు, గుండె జబ్బులున్నవారు ఇక ఆగరు. వాళ్ళకు 6 గంటల గడువు వర్తించదు, ఆక్సిజన్ కొరత గుండె మీద చూపే ప్రభావం చేరిన నిమిషం నుంచే ఉంటుంది. కింది స్టేషన్‌లో టికెట్ పక్కనే వైద్య పరీక్ష ఉంటుందా లేదా అన్నది స్తంభాల లెక్కకన్నా తక్కువ విషయమేమీ కాదు.

నియమం ఉన్న చోట, లేని చోట

1996 ఆగస్టులో అమర్‌నాథ్ దారిలో అకాల మంచు తుపానుకు 240 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. దానిపై వేసిన నితీశ్ సేన్‌గుప్తా కమిటీ సిఫార్సుల తర్వాత యాత్రికుల సంఖ్యకూ, ఆరోగ్యానికీ కట్టుబాట్లు వచ్చాయి. ఇప్పుడు అక్కడ గుర్తింపు పొందిన వైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. 13 ఏళ్ళలోపువారిని, 70 దాటినవారిని, ఆరు వారాలు దాటిన గర్భిణులను అనుమతించరు. దారుల ఎంపికలోనూ తేడా ఉంది. బాల్తాల్ నుంచి 14 కిలోమీటర్లు, ఒక్క రోజులో ఎక్కి దిగవచ్చు. చందన్‌వాడీ నుంచి శేషనాగ్, పంచతరణి మీదుగా 32 కిలోమీటర్లు, మధ్యలో 4,200 మీటర్లు దాటిన మహాగుణస్ కనుమ ఉంది. పొడవైన దారిలో రెండు రాత్రులు ఎత్తులోనే పడుకోవాలి. అలవాటు పడటానికి అది మంచిదే, కానీ అలవాటు పడనివారు వెనక్కి దిగడానికి దూరమూ ఎక్కువే.

కైలాస మానససరోవర యాత్ర నియమాలు ఇంకా కఠినం. 18–70 ఏళ్ళ వయసు, 25కు మించని బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క), ఢిల్లీలో వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని లిపూలేఖ్ కనుమ దారిలో వెళ్ళేవారికి గుంజి శిబిరంలో మళ్ళీ పరీక్ష. అక్కడ పరీక్ష నెగ్గకపోతే వెనక్కి పంపేస్తారు.

చార్‌ధామ్‌లో (యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బద్రీనాథ్) నమోదు తప్పనిసరే గానీ ఆ స్థాయి ఆరోగ్య ధ్రువపత్రం అడగరు. అమర్‌నాథ్ గుహకూ కేదార్‌నాథ్‌కూ ఎత్తులో తేడా 300 మీటర్లే. నియమాల్లో తేడా అంతకన్నా చాలా ఎక్కువ. ఏడాదికి లక్షల్లో వచ్చే యాత్రికులకు పరీక్షలు చేయడం కష్టమన్నది నిజం. కానీ ఆ సంఖ్య వల్లే ముప్పు పెరుగుతోందన్నదీ నిజమే.

తిరుమల, శబరిమల అనుభవం ఎందుకు సరిపోదు

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కాం, కేదార్‌నాథ్ ఎంత అనే ధీమా తెలుగు యాత్రికుల్లో తరచూ కనిపిస్తుంది. మెట్లెక్కగలగడం కాళ్ళకూ గుండెకూ మంచి పరీక్షే. ఎత్తుకు మాత్రం పరీక్ష కాదు. మారథాన్ పరిగెత్తేవారికీ మౌంటెన్ సిక్‌నెస్ వస్తుంది. దేహదారుఢ్యం దాన్ని ఆపదు. వేగంగా నడవగలవారు త్వరగా పైకి చేరి ఎక్కువగా ఇబ్బంది పడటమూ ఉంది.

శబరిమలలో ఎత్తు సమస్య కాదు. పంపా నుంచి నీలిమల ఎక్కుడు, తలపై ఇరుముడి బరువు, తోపులాట అక్కడి చిక్కులు. అందుకే నీలిమల, అప్పాచిమేడు దగ్గర గుండె వైద్య కేంద్రాలు పెట్టారు. అయితే 41 రోజుల దీక్షలోని చెప్పులు లేని నడక, మితాహారం, మద్యం పొగాకులకు దూరం శరీరాన్ని ఎంతో కొంత సిద్ధం చేస్తాయి. హిమాలయ యాత్రకు వెళ్ళేవారిలో చాలామందికి అలాంటి ముందస్తు సన్నాహం ఏదీ ఉండదు.

మే నెల రద్దీ

తలుపులు తెరిచిన మొదటి ఆరు వారాలు, మన బడుల వేసవి సెలవులు దాదాపు ఒకేసారి వస్తాయి. అప్పుడు కేదార్‌నాథ్‌లో మంచు ఇంకా పూర్తిగా కరగదు, రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడుతుంది, రద్దీ పతాక స్థాయిలో ఉంటుంది. 2022లో రోజువారీ పరిమితులు పెట్టినప్పుడు మొదట బద్రీనాథ్‌కు 15,000, కేదార్‌నాథ్‌కు 12,000, గంగోత్రికి 7,000, యమునోత్రికి 4,000గా నిర్ణయించారు. యమునోత్రి అంకె చిన్నదిగా ఉండటానికి ఇరుకైన బాటే కారణం. ఈ అంకెల పక్కన రోప్‌వే సామర్థ్యం పెట్టి చూడాలి. రోజుకు 18,000 అంటే, ఆ ఏడాది కేదార్‌నాథ్ మొత్తానికి పెట్టిన పరిమితికి ఒకటిన్నర రెట్లు. నడిచేవారు, గుర్రాలు, హెలికాప్టర్లు దానికి అదనం. గర్భగుడి పరిమాణం మాత్రం పెరగదు.

జూలై, ఆగస్టుల్లో వానలు, విరిగిపడే కొండచరియలు. 2024 జూలై 31 రాత్రి కుండపోతకు కేదార్‌నాథ్ బాట తెగి వేలమంది చిక్కుకుపోయారు. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ దాకా ఆకాశం తేటగా, జనం పలుచగా ఉంటారు. సెలవులతో ముడిపడనివారికి అదే మేలైన కాలం.

ప్రణాళికలో వ్యవధి ఎక్కడ దొరుకుతుంది

యమునోత్రి, గంగోత్రి, కేదార్, బదరీ అన్న సంప్రదాయ క్రమంలో ఒక సౌలభ్యం దాగి ఉంది. యమునోత్రి (సుమారు 3,290 మీటర్లు) చూసి బడ్‌కోట్‌కు, గంగోత్రి (3,000 మీటర్ల పైన) చూసి ఉత్తరకాశీకి దిగి పడుకుంటారు. ఎత్తుకు వెళ్ళి తక్కువలో నిద్రించడం అలా రెండుసార్లు జరిగాక కేదార్‌నాథ్ వస్తుంది. పూర్తి రక్షణ కాకపోయినా ఎవరి శరీరం ఎలా స్పందిస్తుందో ముందే తెలుస్తుంది. సమయం లేక కేదార్, బదరీలకే వెళ్ళేవారు గుప్తకాశీ తర్వాత గౌరీకుండ్‌లోనో సోన్‌ప్రయాగ్‌లోనో ఒక రాత్రి అదనంగా ఆగాలి. వీలైతే లించోలిలో మరో రాత్రి గడిపి, పొద్దున గుడికి చేరి అదే రోజు దిగడం మేలు.

దారిలో జరిగే పొరపాట్లలో మొదటిది ఉపవాసం. ఖాళీ కడుపుతో ఎక్కితే నీరసమేదో, మౌంటెన్ సిక్‌నెస్ ఏదో తేడా తెలియదు. మరుగుదొడ్ల భయంతో నీళ్ళు తాగకపోవడం ముఖ్యంగా ఆడవాళ్ళలో కనిపించే పొరపాటు. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర వేసుకుంటే నిద్రలో అసలే ఆగి ఆగి వచ్చే శ్వాస ఇంకా తగ్గవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారు ఇన్సులిన్‌ను బయటి సంచిలో కాక ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి, గడ్డకడితే అది పనికిరాదు.

గుడ్డలో కర్పూరం కట్టి వాసన చూడటం యాత్రికుల్లో బాగా ప్రచారంలో ఉంది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది అంతే, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలదీ దాదాపు అదే కథ. ఎక్కుడులో మనిషి నిమిషానికి 20, 30 లీటర్ల గాలి పీలుస్తాడు. పది లీటర్ల డబ్బా ఎన్ని నిమిషాలకు వస్తుందో లెక్క చూసుకోవచ్చు. పల్స్ ఆక్సీమీటర్ (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) ఉపయోగకరమే గానీ చల్లబడిన వేలికి పెడితే తప్పు చూపుతుంది. చేతులు రుద్ది వెచ్చబడ్డాక, కూర్చుని, రెండు నిమిషాలాగి చూడాలి. ఆ ఎత్తులో 90కి అటూ ఇటూ, ఒక్కోసారి 85 దాకా అంకె పడటం మామూలే. అంకె కన్నా మనిషి తీరు ముఖ్యం.

ఎసిటజోలమైడ్ మాత్ర మూత్రపిండాల సర్దుబాటును త్వరపరుస్తుంది. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారికి, మూత్రపిండ జబ్బులున్నవారికి ప్రమాదం కాబట్టి వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు. తోటి యాత్రికుడు ఇచ్చినా సరే.

తలనొప్పి ఒక్కటే ఉంటే ఆగి విశ్రాంతి తీసుకోవచ్చు, ఇంకా పైకి వెళ్ళకూడదు. తూలుతూ నడవడం, మాట తడబడటం, కూర్చున్నా తగ్గని ఆయాసం, నురగతో దగ్గు, పెదవులు నీలమవడం కనిపిస్తే వెంటనే కిందికి దించాలి. సరళరేఖ మీద మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు వేయమంటే తూలుడు ఇట్టే తెలిసిపోతుంది. చాలామందికి 500 నుంచి 1,000 మీటర్లు దిగేసరికే తేడా కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఆ బాటలో రోగిని దించడం కష్టం, హెలికాప్టర్ ఎగరదు. కాబట్టి మధ్యాహ్నం నుంచి పెరుగుతున్న తలనొప్పిని రాత్రికి తగ్గుతుందిలే అని వదిలేయకుండా, వెలుతురు ఉండగానే దిగడమా ఆగడమా తేల్చుకోవాలి. ఆ తర్వాత చేతిలో మిగిలేది వైద్య శిబిరంలోని ఆక్సిజన్ సిలిండర్, తెల్లవారేదాకా ఎదురుచూపు.